కుళాయి మామయ్య పెరట్లో వేసవి సెలవులు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కుళాయి మామయ్య అనేవారు. మీసాలు రాకముందే పైపుల పనిలో దిగాడు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో సగానికి నీళ్ల లైన్లు వేసింది ఆయనే. ఏ గోడలో ఏ పైపు ఎటు తిరిగిందో ఇంటివాళ్ల కంటే ఆయనకే బాగా గుర్తు. గొంతు పెద్దది. మేడ మీద ట్యాంకు దగ్గర నిలబడి కింద స్నానాలగదిలో ఉన్న మనిషితో మాట్లాడీ మాట్లాడీ అలా అయిందనేవాడు. "తిప్పు... ఇంకొంచెం... ఆపు, ఆపు!" అన్న కేక వినబడిందంటే ఎవరింట్లో నీళ్లు రావడం లేదో వీధంతటికీ తెలిసిపోయేది.

ఇంటికి వచ్చాక మాత్రం ఆ గొంతు మూగబోయేది. చేతులు కడుక్కునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. కూతురు ఏ తరగతి చదువుతోందని ఎవరైనా అడిగితే భార్య వంక చూసేవాడు. ఆ పిల్ల అలాగే పెరిగి పెద్దదై, పెళ్లి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. తండ్రీ కూతుళ్ల మధ్య గొడవలేమీ లేవు. మాటలే లేవు.

అరవై దాటాక ఒక వేసవి మొదట్లో, ట్యాంకు బాగుచేసి దిగుతుండగా నిచ్చెన జారింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. డాక్టరు తొడదాకా పిండికట్టు వేసి, ఎండలు తగ్గేదాకా ఆ కాలు నేలకి ఆన్చడానికి వీల్లేదన్నాడు.

సరిగ్గా అప్పుడే బళ్లకు సెలవులిచ్చారు. కూతురు ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని చేసేది. అల్లుడు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువగా ఉండేవాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నవాడికి ఇంకా అయిదు నిండలేదు. దగ్గర్లో సమ్మర్ క్యాంపు పెట్టారని తెలిసి కూతురు వెళ్లి కనుక్కుంది. ఆరేళ్లు నిండని పిల్లల్ని తీసుకోం అన్నారు. తీసుకున్నవాళ్లనైనా మధ్యాహ్నానికే ఇంటికి పంపేస్తారట. ఆమె దుకాణం నుంచి బయటపడేసరికి పొద్దుగూకేది.

"మీరు ఇంట్లోనేగా ఉంటారు," అంది మామయ్య భార్య. ఆవిడ ఆసుపత్రిలో ఆయా, పగలంతా డ్యూటీ. "పిల్లల్ని ఇక్కడ వదలమంటాను. కాస్త ఓ కన్నేసి ఉంచండి."

"నేను చూసేదేంటే? నన్ను చూడ్డానికే ఓ మనిషి కావాలి."

"మరీ మంచిది. ఒకళ్లనొకళ్లు చూసుకోండి."

ఈ సంగతి పై వాటాలో బ్యూటీపార్లర్ నడిపే ఆవిడ చెవిన పడింది. ఆవిడకు అయిదేళ్ల కూతురు, ముక్కు మీద నిలవని కళ్లద్దాలతో ఎప్పుడూ తల పైకెత్తుకుని చూసేది. "ఇద్దరైతే కొట్టుకుంటారు మామయ్యా, ముగ్గురైతే ఆడుకుంటారు," అని ఆ పిల్లను కూడా తెచ్చి దింపింది.

మొదటి రోజు ముగ్గురూ కలిసి కొట్టుకున్నారు. టీవీ దగ్గర మొదలై దిండ్ల దాకా వచ్చింది. మంచం మీంచి కదల్లేని మామయ్య, మేడ మీంచి కింది అంతస్తుకు అరిచినట్టు ఒక్క అరుపు అరిచాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. చిన్నవాడు నిలబడినచోటే లాగు తడుపుకున్నాడు. తాత లేచి వెళ్లి తుడవలేడు, వాడు ఏడవడానికి కూడా భయపడుతున్నాడు. చివరికి ఏడేళ్ల అక్క పాతగుడ్డ తెచ్చి నేల తుడిచి, తమ్ముడికి లాగు మార్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ తాత వైపు చూడలేదు. ఆ సాయంత్రం భార్య వచ్చి ఎలా గడిచిందని అడిగితే, "గడిచింది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పిల్లలు నోరెత్తకుండా ఒక మూల కూర్చున్నారు. ఆ మౌనం ఆయనకు అరుపులకంటే కష్టంగా ఉంది. కాసేపటికి చిన్నవాడు మంచం కిందికి దూరి, అక్కడున్న గోనెసంచి లాగాడు. పనిలో మిగిలిపోయిన పైపు ముక్కలు, మోచేతిలా వంగిన ఎల్బోలు, పాత కుళాయి తలలు గలగలమని దొర్లాయి. వాడు బిక్కచచ్చి తాత వంక చూశాడు. తాత తీసుకోమన్నట్టు తలూపాడు. వాడు ఒక పొడుగు పైపు తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. రెండో కొస మంచం అంచుకు వచ్చింది. మామయ్య దాన్ని నోటి దగ్గరికి తీసుకుని, "హలో, ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు.

"అమ్మో! చెవి పోయింది తాతా! మెల్లగా!" అని వాడు పైపు విసిరేశాడు.

రెండోసారి ఆయన గుసగుసలాడాడు. పిల్లవాడి మొహం విప్పారింది. ఆ తర్వాత మిగతా ఇద్దరూ వరస కట్టారు. ఆ పూటంతా పైపులో ఫోన్లే. కళ్లద్దాల పిల్ల ఫోన్ చేసి, "మా ఇంట్లో నీళ్లు రావట్లేదండీ, త్వరగా రండి," అంది. "కాలు విరిగిందమ్మా, మీరే రావాలి," అన్నాడు ఆయన. తన గొంతు అంత మెత్తగా కూడా పలుకుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

అక్కణ్నుంచి ఆట పెరట్లోకి మారింది. వెనకవైపు చిన్న పెరడు, బట్టలుతికే బండ, ఒక కుళాయి, గోడవారగా నాలుగైదు టమాటా మొక్కలు, అంతే. పొద్దున్నే భార్య డ్యూటీకి వెళ్లేముందు ఆయన్ని నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, కట్టున్న కాలును పీట మీదికి ఎత్తిపెట్టి వెళ్లేది. బండ మీద ఒక బకెట్ నీళ్లు. ఆ నీళ్లను మోయకుండా, పైపు ముక్కలు కలుపుకుంటూ మొక్కల దాకా చేర్చాలి. ఒలికిపోతే మళ్లీ నింపడం లేదు, ఆ పూటకు ఆట కట్టు. నియమం అదొక్కటే.

మొదట్లో నీళ్లు మొక్కలకు తప్ప అన్నిటికీ చేరాయి. చిన్నవాడి బనియనుకు చేరాయి, మామయ్య పీట కిందికి చేరాయి. పిల్లలు పైపును గోడెక్కించి దించాలని చూశారు. నీళ్లు సగం దాకా వెళ్లి వెనక్కి తిరిగాయి.

"పైకెందుకు పోవు తాతా?" అంది కళ్లద్దాల పిల్ల.

"నీళ్లకి బద్ధకమే. పల్లం కనబడితే పరుగు, ఎత్తు కనబడితే చతికిల. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఊరికే అన్నారా?"

"మరి ట్యాంకులోకి ఎలా ఎక్కుతాయి?"

"మోటారు వెనకనించి తంతుంది."

ఎండ ముదిరాక పార్లరావిడ దిగివచ్చి ఆయన్ని లోపలికి చేర్చేది, వెనకే పిల్లలూ వచ్చేవారు. మంచానికీ కుర్చీలకీ దుప్పటి కట్టి గుడారం వేసేవారు. సుద్దముక్కతో నేల మీద ఇంటి బొమ్మ గీసి, నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతాయో గీతలు లాగేవారు. బఠాణీలు ఒలిచేవారు, ఒలిచినవాటిలో సగం తినేసేవారు. పిండికట్టు మీద రంగు పెన్సిళ్లతో తొడ దగ్గర ట్యాంకు, పాదం దగ్గర కుళాయి, మధ్యలో వంకరటింకర పైపు వేశారు. పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు అది చూసి, "లీకేజీ ఏమైనా ఉందా?" అని అడిగాడట. మధ్యాహ్నం ముగ్గురూ ఆయన చుట్టూ అడ్డదిడ్డంగా నిద్రపోయేవారు. కదిలితే లేస్తారని ఆయన అలాగే ఉండిపోయేవాడు.

ఒకరోజు అక్కా, కళ్లద్దాల పిల్లా వాలు గురించి వాదించుకుంటుండగా చిన్నవాడి కేక వినబడింది. మూడు నోళ్లుండే ఒక ప్లాస్టిక్ ముక్కలో బొటనవేలు దూర్చాడు, రాలేదు. గుంజాడు, ఇంకా బిగిసింది. మామయ్య సబ్బునీళ్లు తెప్పించి తిప్పి చూశాడు. నూనె రాసి చూశాడు. వేలు అప్పటికే ఉబ్బి, కొస ఊదారంగుకు తిరుగుతోంది. కళ్లద్దాల పిల్ల భయపడి మేడ మీదికి పరుగెత్తి తల్లికి చెప్పింది. ఆవిడ ముందు మామయ్య కూతురు పనిచేసే దుకాణానికి ఫోన్ చేసి, తర్వాత కిందికి దిగింది.

మామయ్య పనిముట్ల సంచిలోంచి సన్న రంపం బ్లేడు తీయించాడు. పిల్లవాడి చేతిని తన ఒళ్లో పెట్టుకుని, అక్కను మణికట్టు పట్టుకోమన్నాడు.

"నా కళ్లల్లోకి చూడరా. వేలు వైపు చూడకు. ఇప్పుడు నువ్వు నాకు ఫోన్ చెయ్యి."

"హ... హలో," అన్నాడు వాడు వెక్కుతూ.

"హలో. కుళాయి మామయ్యనే. ఏమైందండీ?"

"వేలు రావట్లేదు."

"వస్తుంది. ఇంట్లోనే ఉండండి. ఇదిగో, బయల్దేరాను."

మాట్లాడుతూనే కోస్తున్నాడు. పెరటి తలుపు దగ్గర పార్లరావిడ కొయ్యబారి నిలబడింది. దుకాణం నుంచి రొప్పుకుంటూ వచ్చిన కూతురికి కనబడింది మాత్రం ఒక్కటే: తండ్రి తన కొడుకు చెయ్యి పట్టుకుని రంపంతో కోస్తున్నాడు. ఆమె కెవ్వుమంది. ఆయన తలెత్తలేదు. పూర్తిగా తెగకముందే బ్లేడు ఆపి, పట్టకారుతో ముక్కను రెండుగా విరిచాడు. వేలు బయటికొచ్చింది. చర్మం మీద ఎర్రటి వలయం తప్ప గాయమేమీ లేదు. ఆయన ఆ వేలిని మెల్లగా నిమిరాడు.

కూతురు కొడుకును ఎత్తుకుంది. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. పార్లరావిడ కూడా కూతుర్ని పైనే ఉంచుకుంది. భార్య అలవాటు ప్రకారం ఆయన్ని పెరట్లో కూర్చోబెట్టి వెళ్లేది. ఎదురుగా బండ మీద బకెట్ నిండుగా ఉండేది. సాయంత్రం ఆవిడే వచ్చి ఆ నీళ్లు మొక్కలకు పోసేది.

వారం తిరక్కముందే కూతురు ఒక్కతే వచ్చింది. బండ మీద కూర్చుంది.

"వేలెలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "లేస్తే తాత, పడుకుంటే తాత. నీళ్లకి బద్ధకమట, మోటారు తంతుందట. నా ప్రాణం తీస్తున్నారు. ఇవన్నీ నీకు ముందునించీ తెలుసుగా నాన్నా?"

"తెలుసు."

"మరి నాకొక్కటీ చెప్పలేదే? ఒక్కరోజన్నా నన్ను పక్కన కూచోబెట్టుకున్నావా?"

ఆయన కట్టున్న కాలి వైపు చూసుకున్నాడు.

"అప్పుడు నా కాలు బాగానే ఉండేదే," అన్నాడు.

ఆమె నవ్వబోయి ఆగింది. ఆయన నవ్వడం లేదు.

తన వెంట తీసుకెళ్తే, దుకాణంలో వేలాడదీసిన చొక్కాల మధ్య పిల్లలు దాగుడుమూతలాడి మేనేజరు చేత మాట పడ్డారని, ఇక అక్కడికి తీసుకెళ్లడం కుదరదని చెప్పింది. "రేపు తెచ్చి వదుల్తాను. కానీ వేలు దూరి ఇరుక్కునే ముక్క ఒక్కటి కనబడినా ఊరుకోను. ఫోను నీ చేతికందేలా ఉండాలి." ఆయన తలూపాడు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ సంచి బోర్లించి ముక్కలన్నీ ఏరారు. ఉంచవచ్చా వద్దా అన్న అనుమానం వచ్చినవి కూడా అవతల పారేశారు.

పిల్లలు ముగ్గురూ మళ్లీ వచ్చారు. చిన్నవాడు మొదటి రెండు రోజులూ పైపుల జోలికి పోకుండా తాత ఒళ్లోనే కూర్చుని, ఆ తర్వాత తానే దిగాడు. సెలవు రోజున కూతురు కూడా వచ్చింది. పిల్లలు వేసిన లైను చూసి, "నీళ్లు ఇక్కడే ఆగిపోతున్నాయేంటి?" అంది.

"ఆ వంపు దగ్గర ఎత్తయింది. నువ్వే చూడు."

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి నేల మీద కూర్చుంది. పైపు కింద ఒక రాయి తీసేసి మరోచోట పెట్టింది, మళ్లీ తీసింది. మూడుసార్లు ఆయన ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. నీళ్లు టమాటా మొదట్లోకి చేరినప్పుడు పిల్లలకంటే ఆమే గట్టిగా అరిచింది. అచ్చం తండ్రి గొంతే అని పార్లరావిడ మేడ మీంచి అంది.

ఎండలు తగ్గాక కట్టు విప్పారు. కాలు అతుక్కుంది కానీ కాస్త పొట్టిదైంది. నిచ్చెనలు ఎక్కే పనులు మానేసి, నేల మీద అయ్యే మరమ్మతులే ఒప్పుకునేవాడు. మరుసటి వేసవికి పెద్దపిల్ల క్యాంపుకు వెళ్తానంది. ఆయనకు మనసు చివుక్కుమంది కానీ బయటపడలేదు. ఆ పిల్లకు క్యాంపు బాగా నచ్చింది, సెలవులన్నాళ్లూ అక్కడికే వెళ్లింది. పెరట్లో చిన్నవాడూ, కళ్లద్దాల పిల్లా, వాళ్లని చూసి చేరిన మరో ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకరి తల్లి వచ్చి, "మీరు ఏమేం నేర్పిస్తారండీ?" అని అడిగింది.

"ఏమీ నేర్పనమ్మా. తడుస్తారు, మట్టి పూసుకుంటారు. ఇంకో జత బట్టలు పంపు," అన్నాడు.

ఆ సెలవుల్లోనే ఒకరోజు కూతురి వంటగదిలో కుళాయి కారుతోందని మనవడు కబురు తెచ్చాడు. మామయ్య సంచి భుజాన వేసుకుని కుంటుకుంటూ వెళ్లాడు. వెళ్లేసరికి ఆమె కుళాయి విప్పి, అరిగిన వాషరు మార్చి, బిగించేసింది. ఆయన తిప్పి చూశాడు, కట్టేసి చూశాడు. చుక్క కూడా రాలలేదు.

"ఇంకేం, నాకిక్కడ పని లేదు," అని వెనుదిరిగాడు.

"టీ పెట్టాను. కూర్చో నాన్నా," అంది కూతురు.

ఆయన సంచి దించి కూర్చున్నాడు.