పిడుదుల బీడు

పీణ్యకు తూర్పున, జాలహళ్ళికి పోయే దారి పక్కన సొన్నమ్మ అత్తవారికి ఒక రాగి చేను ఉండేది. యుద్ధం రోజుల్లో అక్కడ దండు దిగింది. చేను పోయింది. చుట్టూ ముళ్ళ కంచె పడింది. కంచె లోపల డేరాలు, రేకుల కొట్టాలు, కంచరగాడిదల సాలలు లేచాయి. వాటికి అవసరం లేని నేలను పటాలం వాళ్ళు బీడుగా వదిలేశారు. నాగలి దిగని ఆ నేలలో రెండు వానలకే గడ్డి నడుమెత్తు పెరిగింది.

కంచరగాడిదలకు ఆ గడ్డి కావాలి. కోయడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కావాలి. అట్లా సొన్నమ్మ, కోడలిగా వచ్చిన నాటి నుంచీ తాను కలుపు తీసిన చేనులోకే గేటు దగ్గర పేరు చెప్పుకొని, కాపలావాడు తలూపితే, కొడవలి పట్టుకొని పోవలసి వచ్చింది. పొద్దున్నే ఆ గేటు ముందు నిలబడినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక దారంతా గొణుక్కుంటూ నడిచేది. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. గొణిగినా నలుగురికీ వినబడేది.

చేను పోయిన బాధ ఒక ఎత్తు, పిడుదులు ఒక ఎత్తు. గొడ్ల నెత్తురు తాగే ఆ పురుగులు గడ్డి కొసలకు వేలాడుతూ ఉండేవి. మనిషి రాసుకుంటూ పోతే చాలు, చీర అంచు పట్టుకొని పైకి పాకేవి. మోకాలి వెనక, నడుము మడత కింద, చంకలో, ఎక్కడ చర్మం మెత్తగా ఉంటే అక్కడ తల దూర్చేవి. సాయంత్రం ఇంటికి రాగానే ఆడవాళ్ళంతా గోడ చాటున కూర్చొని ఒకరికొకరు ఏరుకునేవాళ్ళు. లాగితే తల లోపలే ఉండిపోయి పుండు పడేది. రాత్రుళ్ళు గోక్కోవడమే సరిపోయేది.

"సుమ్నె ఊరికే గోకొద్దే, జాస్తి అయితాది," అని సొన్నమ్మ తన తోడికోడలు మునిలక్ష్మిని గదమాయించేది. మునిలక్ష్మి చిన్నది, పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. అక్కా అక్కా అంటూ సొన్నమ్మ కొంగు పట్టుకొని తిరిగే పిల్ల. ఏదన్నా అంటే నవ్వేది తప్ప ఎదురు చెప్పేది కాదు.

కార్తీకంలో ఒకనాడు మునిలక్ష్మి గడ్డి మోపు ఎత్తబోయి కూలబడింది. ఇంటికి మోసుకొచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. నాలుగో నాటికి అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి పొక్కులు తేలాయి. అత్త పిల్లమ్మ చూడగానే చెంపలు వేసుకుంది.

"అమ్మవారు వచ్చినాది. ఎవురూ లోపలికి రాకండి," అని గుమ్మానికి వేపమండలు కట్టింది.

సొన్నమ్మకు నమ్మకం కుదరలేదు. అమ్మవారు పోసిన వాళ్ళను ఆమె చూసి ఉంది, ఆ పొక్కులు వేరు. పైగా మునిలక్ష్మి నడుము దగ్గర, చీర మడత కింద, నల్లటి పెచ్చు కట్టిన పుండు ఒకటి కనబడింది. దండు ఆసుపత్రిలో మునిస్వామి అని ఒక కాంపౌండరు ఉండేవాడు. చిత్తూరు వైపు మనిషి, తెలుగువాడు. రోజూ వాళ్ళింటికి వచ్చి పాలు పోయించుకొని పోయేవాడు. సొన్నమ్మ అత్త కంట పడకుండా అతన్ని దొడ్డి దారిన లోపలికి తీసుకొచ్చింది.

మునిస్వామి ఆ పుండు చూసి, పొక్కులు చూసి, తల పంకించాడు.

"అమ్మవారు కాదు తల్లీ. పిడుదు కరిస్తే వచ్చే జొరం ఇది. మా కాడ సిపాయిలకూ వచ్చినాది."

"మందుండాదా?"

"దీనికని మందు లేదు. నీళ్ళు తాగించండి, గంజి పొయ్యండి, ఒళ్ళు తుడవండి. దాటుకుంటే దాటుకుంటాది." దొడ్డి గుమ్మం దాకా పోయి మళ్ళీ అన్నాడు. "రాకుండా చేసేదానికైతే ఉండాది. నూనె మాదిరి ఉంటాది. సిపాయిలు గుడ్డలకు రుద్దుకుంటారు. రుద్దిన గుడ్డ మింద పిడుదు నిలవదు."

ఆ మాట సొన్నమ్మ మనసులో నాటుకుంది. ఆ నూనె కంచె లోపలే ఉంది. తాము రోజూ నడిచే దారి పక్కన ఉన్న కొట్టాంలోనే ఉంది. ఒకే గడ్డిలో సిపాయీ నడుస్తాడు, తామూ నడుస్తారు.

మునిలక్ష్మి బతికింది. కానీ లేచి కూర్చునేసరికి సంక్రాంతి దాటిపోయింది. జుట్టు ఊడిపోయింది. చెవులు మందగించాయి. పక్కనుంచి పిలిస్తే పలికేది కాదు. ఎదురుగా వచ్చి గట్టిగా అంటే అప్పుడు "ఆఁ?" అనేది. మొదటిసారి అట్లా అన్న రోజు సొన్నమ్మ గొడ్ల చావిట్లోకి పోయి, గోడకు తల ఆనించుకొని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కొని నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయింది.

గడ్డి కోత మేస్త్రీ శ్రీనివాసులు చెడ్డవాడేమీ కాదు. ఎవరు ఏమడిగినా "చూద్దాంలేమ్మా" అనేవాడు, అంతే.

"మందునూనె సిపాయిలకమ్మా," అన్నాడు నవ్వుతూ. "మీరేమన్నా బర్మాకి పోతా ఉండారా?"

"బర్మాకి పోయే వాని కాళ్ళు కాళ్ళు, మావి కట్టెలా అప్పా? నా తోడికోడలికి చెవులు పోయినాయి. రేపు ఇంకొకరికి ఏం పోతాదో."

"సరే, దొరకు చెప్తాను. చూద్దాం."

వారం పోయింది. మళ్ళీ అడిగింది. "దొర ఊళ్ళో లేడు" అన్నాడు. మళ్ళీ అడిగింది. "చెప్పినా, రాసుకున్నాడు" అన్నాడు. ఆ తర్వాత ఆమె కనబడగానే సాల వెనక్కి తప్పుకోవడం మొదలుపెట్టాడు. అడిగినప్పుడు కాదని మొహాన చెప్పినా సొన్నమ్మకు అంత కష్టం అనిపించేది కాదేమో. అందరూ మంచిగానే మాట్లాడేవాళ్ళు, పని మాత్రం జరిగేది కాదు. ఆమె ఇంట్లో కుండలు గట్టిగా పెట్టడం, మొగుడు నంజప్ప మీద ఊరికే అరవడం అప్పటినుంచే ఎక్కువైంది.

మరుసటి ఏడు వానలు పడి గడ్డి మళ్ళీ లేచింది. కోత మొదలు కావలసిన రోజు పొద్దున సొన్నమ్మ గేటు ముందు కొడవలి కింద పెట్టి కూర్చుంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు. కొందరికి భయం, కొందరికి తమాషా. శ్రీనివాసులు అటూ ఇటూ పరుగెత్తాడు.

"లేయండమ్మా, నా పరువు పోతా ఉండాది! కంచరగాడిదలు ఆకలికి అరుస్తా ఉండాయి, వినపడలా?"

"మాకూ వినపడతాది. వినపడనిది మునిలక్ష్మికే," అంది సొన్నమ్మ, కదలకుండా.

ఎండ నడినెత్తికొచ్చాక దొర వచ్చాడు. ఎర్రటి మొహం, చిన్న వయసు, విసుగ్గా ఉన్నాడు. మాట తెలిసినవాడు కావాలని మునిస్వామిని పిలిపించారు. సొన్నమ్మ లేచి నిలబడి, జొరం సంగతి, పొక్కుల సంగతి, చేను సంగతి, మేస్త్రీ దాగుడుమూతల సంగతి అంతా చెప్పింది. మునిస్వామి దాన్ని రెండు మాటల్లో ఇంగ్లీషులో అన్నాడు. దొర చాలాసేపు ఏదో మాట్లాడాడు. మునిస్వామి ఇటు తిరిగి "ఇస్తామంటా ఉండాడు" అన్నాడు.

"అంతసేపు అదేనా చెప్పినాడు?"

"మిగిలినది మనకెందుకమ్మా. ఇస్తా ఉండాడు గదా, తీసుకో."

నూనె డబ్బాతో పాటు ఒక సిపాయి వచ్చి ఎట్లా వాడాలో చూపించాడు. అరచేతిలో కొంచెం పోసుకొని, రెండు చేతులూ రుద్దుకొని, తన ప్యాంటు అడుగున తుడిచాడు. మేజోళ్ళ పైభాగానికి తుడిచాడు. చొక్కా ముంజేతులకు, గుండీల పట్టీకి తుడిచాడు. తుడిచి, అర్థమైందా అన్నట్టు చూశాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్యాంట్లు లేవు, మేజోళ్ళు లేవు, గుండీలు లేవు. ఎవరో కిసుక్కున నవ్వారు. సొన్నమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత పోరాడి తెచ్చుకున్నది ఎక్కడ పూసుకోవాలో తెలియకపోవడం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

ఆ రాత్రి గోనెసంచులు చింపి పొడుగాటి పట్టీలు చేసింది. సిపాయిలు కాళ్ళకు చుట్టుకునేవి చూసి ఉంది కదా, అట్లాగే పాదం పైనుంచి మోకాలి దాకా చుట్టి ముడివేయాలనుకుంది. మర్నాడు ఆడవాళ్ళ చేత చీరలు కచ్చ పోయించింది. పట్టీలకూ, చీర అంచులకూ, నడుము మడతకూ నూనె రుద్దించింది. గోనె గుచ్చుకొని కాళ్ళు దురద పెడుతున్నాయని తిట్టుకుంటూనే అందరూ గడ్డిలోకి దిగారు. ఒకామె నూనె చేత్తో కన్ను నులుముకొని మంట మంట అని కేకలు పెట్టింది. ఇంకొకామె సెల్యులాయిడ్ దువ్వెనను నూనెగుడ్డలో చుట్టి పెట్టుకుంటే అది మెత్తబడి గుడ్డకు అంటుకుపోయింది. ఆ దువ్వెన సంగతి ఆమె నెల రోజులు సాధించింది.

అయినా ఆ సాయంత్రం గోడ చాటున కూర్చుంటే ఏరడానికి పెద్దగా ఏమీ లేవు. సొన్నమ్మ తన మోకాళ్ళ వెనక తడుముకుంది. మళ్ళీ తడుముకుంది. చాలా రోజుల తర్వాత నంజప్పతో మెల్లగా మాట్లాడింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. పిడుదులు మళ్ళీ మొదలయ్యాయి. ఆడవాళ్ళు నూనె కల్తీదన్నారు. సొన్నమ్మ మునిస్వామిని నిలదీసింది.

"గుడ్డలు ఉతుకుతా ఉండారా?" అన్నాడతను.

"ఉతక్కుండా ఎట్ల?"

"ఉతికితే నూనె పోతాది. ఉతికిన ప్రతిసారీ మళ్ళా రుద్దుకోవాల."

అప్పుడు తెలిసింది. అత్త పిల్లమ్మ రోజూ పొద్దున్నే, ఎవరూ చూడకముందే, పట్టీలూ చీరలూ చెరువుకు తీసుకుపోయి, చౌడు మట్టి వేసి, బండ మీద బాది బాది ఉతికి ఆరేస్తోంది.

"ఎందుకత్తా ఉతుకుతావు? ఉతికితే నూనె పోతాదంట!"

"ఆ కంపు గుడ్డలు దేవుని అర ఉండే ఇంట్లోకి యాడ తెస్తావే? పటాలం నూనె అది, దాంట్లో ఏం కలిపినారో ఏమో. నేను బతికుండగా ఉతకని గుడ్డ గడప దాటదు."

"మునిలక్ష్మి చెవులు చూసి కూడా ఆ మాట అంటావా?"

పిల్లమ్మ చేతిలోని తడి పట్టీని దులిపి ఆరేసింది. కోడళ్ళ మీద ప్రేమ లేక కాదు. ఆమెకు తెలిసిన రక్షణ శుభ్రం ఒక్కటే, దాన్ని ఆమె ఒళ్ళు హూనం చేసుకొని మరీ చేస్తోంది. అది సొన్నమ్మకూ తెలుసు. తెలుసు కాబట్టే గట్టిగా తిట్టలేకపోయింది, ఊరుకోనూ లేకపోయింది. చివరికి గుడ్డలు ఇంట్లోకి రాకుండా గొడ్ల చావిట్లో దండెం కట్టింది. పనికి పోయేటప్పుడు అక్కడే మార్చుకొని, వచ్చాక అక్కడే విప్పి, ఇంటి చీర కట్టుకొని లోపలికి పోవాలి. పిల్లమ్మ ఒప్పుకుంది. అంతలో ముసురు పట్టింది. గడ్డిలో తడిసి తడిసి నూనె వాననీళ్ళలో కలిసిపోయింది. డబ్బా అడుగంటింది. ఇంకొకటి అడిగితే లేదన్నారు.

ఇంకో డబ్బా రాకముందే యుద్ధం అయిపోయింది. పటాకులు కాల్చారు, మిఠాయి పంచారు. దండు మెల్లగా ఖాళీ అవుతూ వచ్చింది. దొర పోయాడు. మునిస్వామికి బదిలీ అయింది, చెప్పి పోవడానికి వచ్చి పాలచెంబు పట్టుకొని కాసేపు నిలబడ్డాడు. కొట్టాంలో మిగిలిన నూనె ఏమైందని సొన్నమ్మ అడిగింది.

"పాతసామానంతా గుంత తవ్వి పూడ్చినారమ్మా. నూనె కూడా దాంట్లోనే."

"అడిగినప్పుడు లేదన్నారు."

"అది వేరే లెక్కలోది," అని అతను తల దించుకున్నాడు.

సొన్నమ్మకు అరవడానికి కూడా ఓపిక లేకపోయింది.

చేను తిరిగి రాలేదు. కంచరగాడిదలు పోయినా గడ్డి పోలేదు. బెంగళూరు పాలవాళ్ళ ఆవులకు గడ్డి కావాలి కాబట్టి కోత నడుస్తూనే ఉంది. సొన్నమ్మ కానుగ నూనె పూసి చూసింది, వేపనూనె పూసి చూసింది, పొగాకు నానబెట్టిన నీళ్ళు చల్లి చూసింది. కానుగ నూనె కొంచెం పనిచేసింది. పటాలం నూనెలో సగం కూడా కాదు, మధ్యాహ్నానికే సత్తువ పోయేది. పైగా కంపు. బెంగళూరు బస్సు ఎక్కితే పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఒక్కొక్కరే మానేశారు.

"నీకేం పిచ్చి సొన్నక్కా, పిడుదులు మన తాతల కాలం నుంచీ ఉండాయి," అనేవాళ్ళు.

ఆ మాటే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మండేది. పటాలం నూనె ఇక రాదని తెలుసు. పట్టీ చుట్టుకుంటే కొన్నన్నా పైకి ఎక్కవని కూడా తెలుసు. కొన్నన్నా తగ్గితే చాలు కదా అని ఎంత చెప్పినా ఎవరి తలకూ ఎక్కేది కాదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు కూడా ఆమె బీడు గట్టు మీదే ఉంది. తలకు గుడ్డ చుట్టుకొని, కానుగ నూనె చెంబు పక్కన పెట్టుకొని, వచ్చిన వాళ్ళను వచ్చినట్టే ఆపేది. మునిలక్ష్మి కూడా వచ్చేది, ఇప్పుడు చంకలో పిల్లను వేసుకొని. ఆమెకు చెప్పింది సరిగా వినబడదు. అందుకని సొన్నమ్మ చెప్పడం మానేసి, గడ్డిలో దిగకముందే ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చొని, పట్టీ తానే చుట్టి, నూనె తానే రుద్దేది.

ఒకనాడు కొత్తగా కూలికి వచ్చిన నంజమ్మ అనే పడుచు, "ఈ గోనె నాకొద్దు, కాళ్ళకు గుచ్చుకుంటాది" అని దాటి పోబోయింది.

"గుచ్చుకోనీ!" అని సొన్నమ్మ అరిచింది. "గుచ్చుకుంటే గుచ్చుకోనీ! జొరం రాకుంటే చాలు. కాలు ఇట్ల పెట్టు."

నంజమ్మ బిత్తరపోయి కాలు చాపింది. సొన్నమ్మ తిట్టుకుంటూనే పట్టీ బిగించి ముడివేసింది, చీర అంచు నూనె చేత్తో తుడిచింది. ఆ తర్వాత రెండో కాలు అడిగింది.