వాడు ఆపిన చోటే నాబ్‌లు

మిరపకోతలో ఉండగా ఫోన్ వచ్చింది. దాచేపల్లి రోడ్డు మీద లారీ తగిలిందని, నా కొడుకు ఇక లేడని ఫ్యాక్టరీ వాళ్లు చెప్పారు. ఫోన్ కొంగున కట్టుకుని ఇంకో చెట్టు కూడా కోశాను. ఎందుకు కోశానో ఇప్పటికీ తెలియదు. రెండు నెలలు నిండుతున్నాయి. నేను ఐదో తరగతి చదివినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

వాడు సిమెంట్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. సెలవు దొరికితే గురజాల చుట్టుపక్కల పెళ్లిళ్లకి, తిరునాళ్లకి ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేవాడు. తోలు డ్రమ్ములు కావు. ఒక ఇనప డబ్బా, దాని మొహం నిండా తిప్పే నాబ్‌లు. పక్కనున్న రబ్బరు పలక మీద పుల్లతో కొడితే కరెంటులోంచి చప్పుడు పుడుతుంది. ఒక నాబ్ తిప్పితే చప్పుడు లావవుతుంది, ఇంకోటి తిప్పితే సాగుతుంది, మరొకటి తిప్పితే రేకు మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఎవరో మూలన పడేసిన దాన్ని తెచ్చి బాగుచేసుకున్నాడు.

అరగంట ముందే స్విచ్ వేసి కూర్చునేవాడు. చల్లగా ఉండగా సరిచేస్తే పాట మధ్యలో శ్రుతి జారిపోతుందట. పెళ్లివాళ్లు తొందరపెడితే, “కాగనీ బాబాయ్, పచ్చిపాలు తోడేస్తే పెరుగవుద్దా?” అనేవాడు.

ఒక దసరాకి నేను చేసిన తప్పు చెప్పాలి. పలుగూ పారా, మందుకొట్టే స్ప్రేయరు, అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టాను. డబ్బాని వదిలితే దానికి చిన్నతనమని ఒక్కో నాబ్‌కీ కుంకుమ అద్దాను. మర్నాడు పెళ్లి పందిట్లో అది గరగరమందట.

“ఏమ్మా, దీనికి పెళ్లి చేశావా?” అన్నాడు ఇంటికొచ్చి.

డబ్బా దగ్గరికి పరుగెత్తాను. “పాడైందా?”

“కుంకం లోపలికి దిగింది. గరగరమన్నంత మాత్రాన చచ్చినట్టు కాదులే. ముందు వైరు చూడాలి, తర్వాత ప్లగ్గు, ఆ తర్వాతే డబ్బాని అనుమానించాలి. మనుషుల్నైనా అంతేగా.”

ఏదో మందు కొట్టి, ఒక్కో నాబ్‌నీ ఆ చివర నుంచి ఈ చివరికి ఇరవై సార్లు తిప్పాడు. గరగర పోయింది. పాత చప్పుడు కూడా పోయింది.

“మళ్లీ అదే ఎట్టా వస్తది?” అన్నాను.

“వెతుక్కోవాలి. ఫోన్‌లాగా ఇది దాచుకోదమ్మా. నాబ్ ఎక్కడుందో అదే దీని గుర్తు.”

ఆ మాట ఇప్పుడు నన్ను నిలవనీయడం లేదు. చివరిసారి వాయించి వాడు ఆపిన చోటే నాబ్‌లున్నాయి. తువ్వాలు కప్పాను. పొద్దున్నే తీసి ఒక్కోటీ చూసుకుంటాను. బల్లి పాకినా లేచి అదిలిస్తాను. దుమ్ము దులపబోయిన కోడల్ని, వాడి పెళ్లాన్నే, కసిరాను, పాపం అది ఏడ్చింది.

మొన్న ఆర్కెస్ట్రాలో పాడే అబ్బాయి వచ్చాడు. “ఊరికే పెడితే చెడిపోద్ది పెద్దమ్మా. అప్పుడప్పుడూ కరెంటు చూపియ్యాలి” అన్నాడు. చెయ్యి వేస్తే వాడి చప్పుడు పోతుంది, వెయ్యకపోతే డబ్బానే పోతుంది. చివరికి స్విచ్ నేనే వేశాను. అరగంట కాగనిచ్చి పలక మీద కొట్టాడు. గరగర.

వైరు చూశాను. ప్లగ్గు పీకి పెట్టాను. పోలేదు.

“మూడో నాబ్ తిప్పాలి” అన్నాడు.

“ఆగు నాయనా” అని కాటుక భరిణె తెచ్చాను. ప్రతి నాబ్ మీదున్న తెల్లగీత ఎటు చూస్తోందో అక్కడ డబ్బా మీద చిన్న చుక్క పెట్టాను. పసివాడప్పుడు వాడి బుగ్గన పెట్టినట్టే.

“కుంకం కాదుగా?” అన్నాడు అబ్బాయి నవ్వబోయి, ఆగిపోయి.

“ఇది రాలదులే.”

నేనే తిప్పాను. ఆ చివర, ఈ చివర, ఇరవై సార్లు. గరగర పలచబడి పోయింది. గీతని మళ్లీ చుక్క మీదికి తెచ్చి పుల్లతో ఒక్కటి కొట్టాను.

“అదే కదా పెద్దమ్మా?”

అదే అనుకుంటాను. నా వేలు వెంట్రుకంత పక్కకి జరిగిందేమోనని ఇప్పటికీ గుబులు.

ఆదివారం ఆదివారం స్విచ్ వేస్తున్నాను. ఎర్ర లైటు వెలుగుతుంది. జ్వరం చూసినట్టు డబ్బా నుదుటి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను, వేడెక్కేదాకా.