పక్కింటి అక్క కుట్టు మిషను

నా చిన్నప్పుడు మా ఎల్లారెడ్డిలో ఏ వాడకు పోయినా మధ్యాహ్నం పూట కత్తెరల చప్పుడు వినిపించేది. ఆడవాళ్లు గడపల దగ్గరా అరుగుల మీదా కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీల ఆకు కత్తిరించేవాళ్లు. బడి నుంచి కళ్లు మూసుకుని వచ్చినా ఆ చప్పుడును బట్టి, తంబాకు ఘాటును బట్టి మా వాడ వచ్చిందని తెలిసిపోయేది. ఇప్పుడు ఈ సంగతి చెబితే మా మనవలు ముక్కు మూసుకుని నవ్వుతారు. నవ్వనీ, మాకు మాత్రం అదే ఇంటి వాసన.

మా పక్కింటి అక్క మా వాడలో అందరికంటే వేగంగా బీడీలు చుట్టేది. ఆమె పెనిమిటి దుబాయికి పోయి, కొన్నాళ్లు ఉత్తరాలు రాసి, తర్వాత అవి కూడా మానేశాడు. అక్క తల్లిగారింటికి వచ్చేసింది. ఆ ఇంట్లో ఆమె, చూపు సరిగా ఆనని ఆమె తల్లి, అంతే. బడి వదలగానే నేను పుస్తకాల సంచి మా ఇంట్లో విసిరేసి అక్క దగ్గర చేరేదాన్ని. ఆమె చుట్టిన బీడీలను కట్టలకు సరిపడా పేర్చిపెట్టేదాన్ని. నా ధ్యాసంతా ఆమె చెప్పే ముచ్చట్ల మీదే. ఎవరి మాటనైనా, ఎవరి నడకనైనా అచ్చం దింపేది. మా బడి పంతులును ఆమె దింపితే మా అమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

సాయంత్రం కట్టలు తీసుకుని ఇద్దరం కార్ఖానాకు పోయేవాళ్లం. అక్కడ చెకర్ అని ఒకాయన ఉండేవాడు. కట్ట అందుకుని, వేళ్లతో నొక్కి చూసి, కొన్ని బీడీలను 'ఖరాబ్ మాల్' అని పక్కకు విసిరేవాడు. వాటికి కూలి రాదు. ఆకు ఇచ్చేది వాళ్లే. చిల్లులు పడ్డ ఆకో, బూజు పట్టిన ఆకో అంటగట్టినా సరే, బీడీ బాగా రాకపోతే తప్పు చుట్టినామెదే. ఆకు మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, అక్క కూడా ఎత్తేది కాదు. మా వాడలో అంత మాటకారి, ఆయన ముందుకు పోయేసరికి నోట్లో నాలుక లేనట్టు నిలబడి తన చేతుల వైపు చూసుకునేది. "ఈ నడుమ చెయ్యి కుదురుత లేదే" అని దారి పొడుగునా తనను తానే తిట్టుకునేది. నాకు ఆ వయసులో అది మామూలు విషయంగానే కనిపించేది.

ఆ ఏడు అక్కకు దగ్గు పట్టుకుంది. మొదట పొడిదగ్గు, తర్వాత మాట మధ్యలో ఆగిపోయేంత దగ్గు. ముచ్చట మంచి రసపట్టులో ఉండగా దగ్గు వచ్చేది, తర్వాత ఏమైందో చెప్పడానికి ఆమెకు ఓపిక ఉండేది కాదు. మా అమ్మ బలవంతపెడితే కామారెడ్డి ఆసుపత్రికి పోయి చూపించుకుంది. తంబాకు దుమ్ము మానకపోతే బతకడం కష్టమని డాక్టరు దాచకుండా చెప్పాడు. మానితే తినేదెట్లా అని అక్క అడిగిందట. దానికి ఆయన మాత్రం ఏం మందు రాస్తాడు?

జవాబు అక్కే వెతుక్కుంది. పెళ్లినాటి వెండి కడియాలు అమ్మేసి, కామారెడ్డిలో ఒక దుకాణంలో చేతితో తిప్పే కుట్టు మిషను కొన్నది. బతుకమ్మ పండుగకు ముందు దాన్ని బస్సు టాపు మీద వేయించడానికి మనసొప్పక, పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పసుపు కుంకుమ పెట్టి వాడంతా చక్కెర పంచింది. "ఇగ ఈ తంబాకు మొఖం సూడ వదినే, దీపావళి దాక జాకిట్లు కుట్టుడు నేర్సుకుంట" అని మా అమ్మతో అన్నది. ఆ రోజు ఆమె దగ్గలేదని నాకు గుర్తు. నిజంగా దగ్గలేదో, నా మనసు అలా దాచుకుందో చెప్పలేను.

తెల్లవారి మిషను ముందు కూర్చుంటే నాలుగు కుట్లు పడగానే దారం టప్పున తెగింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ తెగింది. బట్ట కింద దారం ఉండలు కట్టేది. సూదిలో దారం ఎక్కించడం నా పనైపోయింది. కొన్నాళ్లు చూసి అక్క దుకాణానికి ఒక్కతే పోయి, ఏదో మంచి కబురు తెచ్చినట్టే తిరిగొచ్చింది. దుకాణం సేటు ఎంతో మర్యాదగా మాట్లాడాడట. ఏం పని చేస్తావని అడిగాడట. బీడీలు చుడతానంటే చేతులు చూపించమని, చూసి నవ్వాడట. ఆయన గొంతు దింపి మరీ మాకు చెప్పింది. "బీడీల చేతులు మొరటుంటయమ్మా. మిషన్‌కు మెత్తటి చెయ్యి గావాలె. తిప్పంగ తిప్పంగ అలవాటైతది" అన్నాడట.

అక్క నమ్మింది. చెకర్ ఇన్నేళ్లుగా చెబుతున్నదీ ఆ మాటే కనుక, నమ్మడానికి ఆమెకు కష్టమేమీ కాలేదు.

అప్పటి నుంచి ఆమె చేతుల మీద పడింది. కొబ్బరినూనె రాసుకునేది. వేళ్ల మీది తంబాకు మరకలు పోవాలని చింతపండుతో, ఇటుకపొడితో తోముకుంటే చర్మం చిట్లి బీడీ చుట్టేటప్పుడు మండేది. కార్ఖానా నుంచి రాగానే తలుపు దగ్గరగా వేసి పాత చీర పీలిక మీద మిషను తిప్పేది. టప్పున చప్పుడు వినిపించేది, ఆ వెనకే దగ్గు వినిపించేది. ఎవరైనా జాకెట్ గుడ్డ తెస్తే "ఇంక చెయ్యి తిరగలే" అని సిగ్గుపడుతూ పంపేసేది. దీపావళి పోయింది, చలికాలం పోయింది, చాట మాత్రం ఆమె ఒళ్లోంచి దిగలేదు. కొన్న కొత్తలో మిషనుకు రోజూ బొట్టు పెట్టేది. తర్వాత దాని మీద చీర కప్పేసి అటువైపు చూడటం మానేసింది.

ఉగాది దాటాక మా అమ్మకు ఓపిక నశించింది. బజారులో బట్టలు కుట్టే మేరాయనను పిలుచుకొచ్చింది. ముసలాయన, అద్దాలు ముక్కు మీదికి జారుతుండేవి. అక్క ఆయనకు నీళ్లిచ్చి, తప్పు చేసిన పిల్లలాగా గోడకు ఒదిగి నిలబడింది. ఆయన మిషను ఒక్కసారి తిప్పాడు. దారం తెగింది. రెండోసారి తిప్పలేదు. కింద పలక తీసి, కింది దారం ఉండే షటిల్ బయటికి లాగి, దాని అంచు మీద గోటితో రాశాడు. నన్ను పిలిచి నా వేలు పట్టి అక్కడ రాయించాడు. వెంట్రుక మందం పగులు నా గోటికి తట్టింది.

"ఇది పలిగిన సామాను. దారం ఈడ తట్టుకొని తెగుతది. నేను తిప్పినా తెగుతది, బ్రహ్మదేవుడొచ్చి తిప్పినా తెగుతది" అన్నాడు. తర్వాత అక్క వైపు చూశాడు. చింతపండుకు చిట్లిన ఆ వేళ్లను చూశాడు. "నీ చేతులు మంచియే బిడ్డా" అన్నాడు.

అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. మిషను పోయిందనో, కడియాలు పోయాయనో కాదు. "గిన్ని దినాలు వీటినే తిట్టిన వదినే" అని చేతులు రెండూ మా అమ్మకు చూపించి ఏడ్చింది. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.

మర్నాడు కామారెడ్డికి బయల్దేరింది. దగ్గు తెర వస్తే పక్కన మనిషి ఉండాలని మా అమ్మ నన్ను బడి మాన్పించి పంపింది. చీరలో మూటగట్టిన మిషను ఆమె ఒళ్లో, నీళ్ల సీసా నా ఒళ్లో. లింగంపేట దాకా అక్క దుకాణంలో ఏం మాట్లాడాలో నా ముందు పలికి చూసుకుంది. సేటు గొంతుతో ప్రశ్న వేసి, తన గొంతుతో జవాబు చెబుతుంటే నాకు నవ్వాగలేదు. తాడ్వాయి దాటేసరికి ఆమె మూట ముడి విప్పి మళ్లీ బిగించింది. కామారెడ్డిలో దిగేటప్పటికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

సేటు గ్యారంటీ కాగితం విప్పి చూశాడు. ఆరు నెలలు ఉండె, ఈ మధ్యనే దాటిపోయింది, తానేం చేయగలనని మర్యాదగానే అన్నాడు. బాగు చేయించుకోవాలంటే సామాను ఖర్చు, కూలి పెట్టుకోవాలన్నాడు. అక్క తల దించుకుంది. చేతుల వైపు చూసుకుంది. కార్ఖానాలో రోజూ చూసే నిలబడటమే అది. ఇక ఇంటికే అనుకుని నేను మూట చెంగు పట్టుకున్నాను.

అప్పుడు ఆమె తలెత్తింది. బస్సులో పలికి చూసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"సేటూ, నేను బీడీలు చేస్త. ఒక్క బీడీ మంచిగ లేకున్నా మా చెకర్ అవతల పారేస్తడు, దానికి పైస ఇయ్యడు. నేనేనాడు ఎదురు మాట్లాడలే. నువ్వు నాకు పలిగిన మాల్ ఇచ్చినవ్. పైసలు నిండుగ తీస్కున్నవ్. కొన్న కొత్తలనే అచ్చి చెప్తి గద, అప్పుడు తారీఖు ఉండె గద! నువ్వు మిషన్ చూడలే, నా చేతులు చూసినవ్. అలవాటైతదని ఇంటికి తోలినవ్. నేను నమ్మిన. ఆ దినాలన్ని ఈ కాగితంల ఎట్ల కలుపుతవ్?"

ఇంకా ఏదో అనబోయింది కానీ దగ్గు వచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయి దగ్గింది. దుకాణంలో గ్రైండరు బేరమాడుతున్న మొగుడూ పెళ్లాలు బేరం ఆపి ఇటు చూశారు. వాళ్లలో ఆ పెద్దామె మా మూట విప్పి మిషను వైపు, అక్క వైపు, సేటు వైపు చూసి, "గ్రైండర్ పలిగినా మా చేతులే చూస్తవా?" అని అడిగింది. సేటు ముఖం మాడిపోయింది. లోపలి నుంచి మెకానిక్‌ను పిలిచాడు. మా కోసం చాయ్ కూడా తెప్పించాడు.

మెకానిక్ పాత షటిల్ తీసి కొత్తది వేశాడు. నూనె చుక్క వేసి తిప్పి చూడమన్నాడు. అక్క తిప్పింది. కుట్టు పట్టాలు వేసినట్టు బట్ట ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. దారం తెగలేదు. నేను చప్పట్లు కొట్టాను. అక్క మాత్రం నవ్వలేదు. బల్ల మీద చాయ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"గింతేనా?" అన్నది. ఎవరినీ అడిగినట్టు లేదు. చాయ్ ముట్టకుండా మిషను ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆ ఎండాకాలం అక్క కుట్టింది. మొదటి గౌను నాకే, నీలం రంగుది, చేతులకు కుచ్చులు పెట్టి కుట్టింది. తర్వాత వాడలో వాళ్లవి జాకెట్లు, లంగాలు. కుట్టు తిన్నగా పోతుంటే అచ్చం సేటులా "మెత్తటి చెయ్యి గావాలెనమ్మా" అనేది. మేం నవ్వేవాళ్లం. నవ్వు అయిపోయాక ఆమె మొహం చూస్తే నాకు బాధగా ఉండేది. వానలు మొదలయ్యేసరికి ఆమె మంచం పట్టింది. ఆసుపత్రికి తీసుకుపోయారు, తీసుకొచ్చారు, మళ్లీ తీసుకుపోయారు. బతుకమ్మ పండుగ రాకముందే పోయింది. మిషను వచ్చి సరిగ్గా ఏడాది కూడా కాలేదు. ఆ ఏడు మా వాడలో బతుకమ్మ ఆడలేదు.

ఆ పోయిన నెలలు చేతికొచ్చి ఉంటే అక్క బతికేదా? డాక్టర్లే చెప్పలేనిది నేనేం చెబుతాను. కానీ ఆ నెలలు ఆమెవి. తంబాకు దుమ్ము పీల్చకుండా గడపాల్సిన నెలలు. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని కోసం అవి పోయాయి. ఇది తలుచుకుంటే ఇంత వయసు వచ్చినా నాకు కడుపులో మండుతుంది. సేటు మీద మండుతుంది, చెకర్ మీద ఇంకా ఎక్కువ మండుతుంది. తప్పు చేతులదేనని ముందు ఆయన నేర్పి పెట్టాడు కాబట్టే సేటు పని అంత సులువైంది.

ఇప్పుడు వినియోగదారుల కోర్టులున్నాయి. ఫోనులోనే ఫిర్యాదు పెట్టొచ్చని మా మనవడు నాకు చూపిస్తాడు. మంచిదే, నేను కూడా ఏది కొన్నా బిల్లు అడిగి తీసుకుని బియ్యం డబ్బాలో దాస్తాను, ఇంట్లో అందరూ ఆటపట్టించినా మానను. అయితే తప్పు తనదేనని నమ్మిన మనిషి ఏ కోర్టు మెట్లెక్కుతుంది? ఆమె ఇంట్లో తలుపు వేసుకుని చేతులు తోముకుంటూ ఉంటుంది.

మొన్న మా కోడలు కామారెడ్డిలో కొత్త మిక్సీ కొన్నది. జార్ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. దుకాణంలో అడిగితే మీకు బిగించడం రాలేదన్నారట. వచ్చి నాకు చెబుతూ, "నాకే బిగించ వస్త లేదేమో అత్తమ్మా" అని తన చేతుల వైపు చూసుకుంది. చదువుకున్న పిల్ల, బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, అయినా అదే చూపు.

నేను దాచిపెట్టిన మిక్సీ బిల్లు తీయడానికి బియ్యం డబ్బా మూత మీద చెయ్యి వేశాను. తీయకుండా ఆగి, ముందు ఆమె రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. మేరాయన అక్కతో అన్న మాటే అన్నాను. అక్కకు అది ఆలస్యంగా అందింది.

"నీ చేతులు మంచియే బిడ్డా. నడువు, పోదాం."