రెండున్నర మాటలు

మా తమ్ముడు నిన్న ఊళ్ళోని గోల్‌బజార్‌లో కొని తెచ్చిన బ్రాహ్మీ గుళికల సీసా మూత తీయగానే, తడి మట్టీ పచ్చి చేదూ కలిసిన వాసనకు అరవై ఏళ్ళ కిందటి మా రైల్వే క్వార్టరు వంటగది గుర్తొచ్చింది. రెండు నెలలుగా నాకు దేనిమీదా మనసు నిలవడం లేదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, తనకు చెప్పకుండా ఏ ఆకుమందూ వాటితో కలపవద్దన్నాడు.

ఆ ఏడు వానాకాలంలో, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా నాన్న ఒక సాయంత్రం టిఫిన్ క్యారియరు గుమ్మంలో పెట్టి, బూట్లతోనే మంచమెక్కి, మాట్లాడడం మానేశాడు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. దసరా పూజ సెలవులయ్యేలోగా మళ్ళీ పనిలోకి వెళ్ళవచ్చని రైల్వే డాక్టరు రాసివ్వకపోతే ఉద్యోగమూ క్వార్టరూ పోతాయని అమ్మ భయం. ఆసుపత్రి మాత్రలు వేస్తూనే ఉంది. పక్కింటి బెంగాలీ దీదీ, "ఖోకీ, బాబాకి ఇది పెట్టు, మన్ భాలో హోబే" అని, మనసు బాగవుతుందంటూ నా చేతికి రోజూ బ్రాహ్మీ ఆకు కట్ట ఇచ్చేది. పొద్దుటి వర్క్‌షాపు సైరన్ కూయగానే అమ్మ దాన్ని నూరి, రసం తీసి, బెల్లం ముక్కతో తాగించేది. ఆకు సంగతి డాక్టరుకు చెప్పలేదు, మాత్రల సంగతి దీదీకి చెప్పలేదు.

ఏది పనిచేస్తోందో తేల్చుదామని నేను డైరీలో మూడు గడులు గీశాను: మాత్ర, ఆకు, నాన్న మాటలు.

"'ఊఁ' కూడా మాటేనేటే?" అంది అమ్మ.

"సగం మాట."

దీదీ ఇంట్లోంచి పూజ లడ్డూలకు కొబ్బరి వేగుతున్న వాసన వస్తున్న ఒక సాయంత్రం, మంచం పక్కన రాసుకుంటుంటే నాన్న ఇటు తిరిగాడు.

"ఏటే రాస్తన్నావు?"

"నువ్వు మాటాడినవి."

"ఈయాల ఎన్నయినాయి?"

"రెండున్నర."

"ఇవీ కలుపు మరి. దొంగలెక్కలు రాసేత్తన్నావు!" అని నవ్వాడు.

మర్నాడు పద్నాలుగు. పూజ వెళ్ళాక క్యారియరు పట్టుకుని పనికి వెళ్ళాడు. మాత్రల గుణమన్నాడు డాక్టరు. ఆకు మహిమంది దీదీ. రెండూనూ అంది అమ్మ. తరవాతి వేసవిలో నాన్న మళ్ళీ ముడుచుకుపోయినప్పుడు అవే మాత్రలు, అదే ఆకు, కానీ చాలా ఆలస్యంగా కోలుకున్నాడు. పరీక్షలని ఆ రోజుల్లో నేను డైరీ రాయలేదు. మొదటిసారి రాసిన పేజీలు ఎన్నిసార్లు తిరగేసినా నాకేమీ తేలదు.

దీదీ పోయింది. ఆకు కోసే తడినేల మీద ఇళ్ళు లేచాయి. సైరన్ వినిపించినా చెయ్యవలసిన పని లేదు. డాక్టరును అడిగేదాకా తీసుకోకూడదని సీసా మూత బిగించి, డైరీలో మళ్ళీ మూడు గడులు గీశాను. అంతలో మలంచా పేట నుంచి తమ్ముడి ఫోను.

"తిన్నావేటి అక్కా?"

"ఊఁ" అన్నాను.

ఫోను పెట్టేసి, మూడో గడిలో సగం అని రాశాను.