జింకల వేట మొదలైన వారం

నేను సివిల్ ఇంజనీర్‌ని. నిరుడు నవంబరులో కెనడాలోని సార్నియా శివార్లలో మేం కొన్న, గడ్డివాములు దాచే కొట్టంలాంటి బార్న్ తరహా పాత ఇంటికి పైకప్పు మార్పించడానికి ఆ ఊరి కాంట్రాక్టర్‌నే పెట్టుకున్నాను. నా భార్య సింధుకు అప్పుడు ఎనిమిదో నెల. మంచు పడేలోపు ముగియాలని ముప్పై ఆరు పనుల షెడ్యూల్ రాసిచ్చాను. ఆయన చదివి సరేనన్నాడు.

సగం కప్పు విప్పేశాక, సోమవారం పొద్దున ఎవరూ రాలేదు. ఫోన్ చేశాను.

"జింకల వేట సీజన్ మొదలైంది కదా. మేమంతా అడవిలో ఉన్నాం. వచ్చే సోమవారం వస్తాం" అన్నాడు, పండగ సెలవు గురించి చెప్పినంత మామూలుగా.

మధ్యాహ్నం గాలికి, విప్పిన కప్పుమీద వాళ్లు కట్టిన టార్పాలిన్ తాడు తెగింది. బిడ్డకోసం సర్దిన గదిలో మంచు రాలుతోంది. నేను నిచ్చెనమీద టార్పాలిన్ కొస పట్టుకుని ఊగుతున్నాను.

"ఇంజనీరు గారూ, వదిలేసి దిగండి. మీరు పడితే నన్ను హాస్పిటల్‌కి ఎవరు డ్రైవ్ చేస్తారు?" అంది సింధు కిందనుంచి.

వదిలేశాను. అది పక్క పొలంలోకి ఎగిరిపోయింది. ఉయ్యాలను వంటింట్లోకి లాగి, ఇద్దరం దాని పక్కన కూర్చుని ఆ గదిలో పడుతున్న మంచును చూస్తూ ఉండిపోయాం.

పని అప్పగించేముందు కలప గురించి కాంట్రాక్టర్‌ను వంద ప్రశ్నలు అడిగాను. నవంబరులో మీరేం చేస్తారని మాత్రం అడగలేదు.