రాతి తలుపు ముందు మాదన్న

మాదన్నకు పాటలంటే రోత. పుట్టుకతో వచ్చిన రోత కాదు, ఎదురంగడి ఇశ్రాయేలు పుణ్యమా అని పట్టుకుంది. ఎమ్మిగనూరులో మాదన్నది పిండిగిర్ని. రోడ్డుకు అవతల ఇశ్రాయేలు సెల్లు అంగడి. ఆ అంగడి ముందు మనిషెత్తు సౌండు బాక్సు, పొద్దున షట్టరు లేచింది మొదలు మొత్తుకుంటూనే ఉంటుంది. పాట పూర్తిగా వేసినా కొంత నయం. పల్లవి సగంలో ఉండగానే ఇంకోటి, దాని నెత్తిన ఇంకోటి. అది చాలదన్నట్టు బజారు అంగళ్ళవాళ్ళ వాట్సాప్ గ్రూపులో 'ఈ వారం నాకు నచ్చిన పాటలు' అని పంపుతాడు. కింద అందరూ దండాలు, పూలు. మాదన్నకు ఆ పూలు చూసినా ఒళ్ళు మండుతుంది. గిర్నిదీ మోతే గాని అది జొన్నల్ని పిండి చేస్తుంది, ఈ మోత దేన్ని ఏం చేస్తుందని అడుగుతుంటాడు. అడిగేది ఇశ్రాయేలును కాదు, జొన్నలు తెచ్చినవాళ్ళను. మాదన్నకూ ఇశ్రాయేలుకూ మాటలు లేక ఇరవయ్యేళ్ళు కావస్తోంది.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. ఆదోనిలో ఇంటరు చదివేటప్పుడు కాలేజీ ఎగ్గొట్టి శేషప్ప కంప్యూటరు సెంటరులో దూరేవాళ్ళు. ఒకే కుర్చీలో ఇద్దరూ ఇరుక్కొని ఆడిన ఆట ఒక్కటే. ఓడ పగిలి దీవికి కొట్టుకొచ్చిన నావికుడి ఆట. తుపాకులు, తన్నులాటలు ఉండవు. ఎవరిని ఏమడగాలో, దొరికిన వస్తువు ఎక్కడ వాడాలో ఆడేవాడే కనుక్కోవాలి. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే. బొమ్మలు చూసి ఊహించుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ సగం దీవి దాటారు. అక్కడ అడ్డొచ్చింది ఒక రాతి తలుపు. తలుపు మీద చిన్నా పెద్దా మూడు రాళ్ళు, పక్కన కొమ్మ మీద ఒక పిట్ట. ఎన్ని తిప్పలు పడ్డా తెరుచుకోలేదు.

అంతకుముందు మాదన్న తమ దగ్గరున్న దీపాన్ని ఆటలోని ఒక ముసలివాడికి ఇచ్చేశాడు. ఆ దీపం ఉంటే తలుపు తెరుచుకునేదని ఇశ్రాయేలు మొండికేశాడు. మాటకు మాట పెరిగింది. సెంటరు నిండా పిల్లలు చూస్తుండగా ఇశ్రాయేలు లేచి నిలబడి, "నీ సేతిలో ఏది పెట్టినా నాశనమే రా!" అనేశాడు.

అన్నవాడు అని వెళ్ళిపోయాడు. పడ్డవాడికి మాత్రం అది ఎముకలో దిగింది. పత్తి వేసిన ఏడు వాన ముఖం చాటేసినా, గిర్ని మోటారు కాలిపోయినా మాదన్న చెవిలో అదే మాట. భార్య ప్రమీల ఏనాడూ దెప్పిన పాపాన పోలేదు. ఆ పని తనే చేసుకునేవాడు.

మొన్న వేసవిలో కరెంటు పోయి గిర్ని ఆగిపోయిన మధ్యాహ్నం, ఫోను గెలుకుతుంటే ఆ ఆట కనబడింది. అదే ఓడ, అదే దీవి. ఎవరో మహానుభావుడు దాన్ని ఫోనులో ఆడుకునేలా మళ్ళీ తయారుచేశాడు. ఇప్పటి ఆటల్లో మాదిరి నిమిషానికో ప్రకటన లేదు, డబ్బు కట్టమని పీక నొక్కడం లేదు. మాదన్నకు ప్రాణం లేచొచ్చింది. కరెంటు పోయినా ఎదుటి బాక్సుకు మాత్రం చావు లేదు, దానికి బ్యాటరీ ఉంది. థూ అనుకొని ప్రమీల ఇయర్‌ఫోన్లు తెచ్చి చెవుల్లో కుక్కుకున్నాడు.

కొన్నాళ్ళకు రాతి తలుపు దగ్గరికి చేరాడు. కొమ్మ మీది పిట్ట కూసింది. మొదట లావు గొంతు, తర్వాత సన్నం, తర్వాత నడిమిరకం. మాదన్న ఉలిక్కిపడ్డాడు. ఆ పిట్ట కూస్తుందనే అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. పెద్దరాయి, చిన్నరాయి, నడిమిరాయి, అదే వరసలో నొక్కాడు. తలుపు గరగరమంటూ జరిగింది.

శేషప్ప సెంటరులో ఆడేవాళ్ళకు శబ్దం ఉండేది కాదు. ఉన్న స్పీకర్లు రెండూ తన కంప్యూటరుకే తగిలించుకొని, తనకు నచ్చిన పాటలు వీధంతా వినేలా పెట్టేవాడు. పిట్ట కూసి కూసి గొంతు పోగొట్టుకున్నా వీళ్ళ చెవిన పడే దారి లేదు. దీపానికీ ఆ తలుపుకూ సంబంధమే లేదు. ఎవడో ఒకడి పాటల పిచ్చికి తాను ఇంతకాలం చేతగానివాడిగా బతికాడా అని మాదన్న శేషప్పను నోరారా తిట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది గాని లోపలికి పోలేదు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఆట, ఇద్దరూ కలిసే లోపలికి పోవాలి. చొక్కా మీది పిండి దులుపుకొని రోడ్డు దాటాడు.

అతన్ని చూసి ఇశ్రాయేలు బిత్తరపోయి బాక్సు ఆపేశాడు. మాదన్న ఇయర్‌ఫోను అతని చెవిలో పెట్టి పిట్ట కూత వినిపించాడు.

"దీపంతో పనే లేదప్పా. ఈ కూతే దారి. ఆడ మనకు వినపడల్యా, అంతే. తలుపు తెరిసి పెట్టినా. రా, లోపలికి పోదాం."

ఇశ్రాయేలు ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసు మాదన్నా."

"ఏం తెలుసు?"

"పిట్ట సంగతి. ఎవరో ఆడి యూట్యూబులో పెట్టింటే సూసినా. మా పాప రూప పుట్టిన ఏడు."

రూప ఇప్పుడు ఏడో తరగతి. మాదన్న వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు.

"తెలిసి ఈ రోడ్డు దాటి రాలేకపోతివా?"

"నీ తప్పు లేదని సెప్పాల్నంటే నాదే తప్పని సెప్పాల గదప్పా. యా మొగం పెట్టుకొని వస్తును?" ఇశ్రాయేలు తల గోక్కున్నాడు. తర్వాత ఏదో ఓదార్చబోయినట్టు, "అయినా లోపల ఏముండాది? అట్లాంటిదే ఇంకో తలుపు. దాని ఎనక ఉత్త సముద్రం. ఆట అయిపోతాది" అన్నాడు.

మాదన్న బల్ల మీది ఇయర్‌ఫోను లాక్కున్నాడు.

"సెప్పాల్సింది పన్నెండేండ్లు కడుపులో పెట్టుకుంటివి. సెప్పగూడనిది ఒక్క నిమిషం ఆపుకోలేకపోతివి గదరా!"