వోల్టేజీ తగ్గించి సొరంగం తవ్విన వైనం

మొన్న సుల్తానాబాదులో ఒక సొరంగం పుట్టింది. దాన్ని పూడ్చడానికి వెళ్ళిన నేనే తవ్వి వచ్చాను!

అక్కడి దొరలనాటి పాత కోట, గడి కింద నుంచి గోదావరి దాకా సొరంగం ఉన్నదని, అందులో బంగారం ఉన్నదని జనం నమ్మకం. ఆ ఆశతో గడి గోడ పునాదులు తవ్వుతున్నారు. ఆ గోడలోనే ఒక శాసనం రాయి ఉన్నది. గోడ కూలితే అదీ పోతుంది. అక్కడి గ్రంథాలయం నడిపే మా బావ రాజేశం ఊరూరా చరిత్ర చెప్పే నన్ను, సొరంగం వట్టిదని ఉపన్యాసం ఇమ్మని పిలిచి, "మైకుసెట్టు కిరాయికి తెమ్మంటవా?" అన్నాడు. నేను స్వయంగా తయారు చేసిన వాల్వు యాంప్లిఫయరు ఉండగా కిరాయి ఎందుకన్నాను.

బయలుదేరే రోజు మధ్యాహ్నం కరీంనగర్‌లో మా ఇంట్లో మీటరు పెట్టి చూశాను. వాల్వులను లోపల వేడిచేసే హీటరుకు ఆరు పాయింట్ మూడు వోల్టులు రావాలి. ఏడు దాటి వస్తున్నది. ఇట్లాగైతే వాల్వులు తొందరగా పోతాయి. కరెంటు పొయ్యిలోని తీగముక్క ఒకటి కత్తిరించి, వోల్టేజీ తగ్గేటట్టు మధ్యలో కలిపాను.

"మంచిగ పలుకుతుంటే ఎందుకు కెలుకుతవ్ బిడ్డా?" అన్నది మా అవ్వ.

"లెక్క ప్రకారం ఉండాలె అవ్వా!"

సరిగ్గా ఆరు పాయింట్ మూడు!

సాయంత్రం సుల్తానాబాదులో ఊరి దీపాలన్నీ వెలిగాయి. కరెంటు సన్నబడింది. అసలే తగ్గించిన నా హీటర్లు ఆరిపోయే అగరుబత్తుల్లా మినుకుమన్నాయి. యాంప్లిఫయరు ఒకసారి గురకపెట్టి ఊరుకున్నది. ఏ సాక్ష్యానికైనా స్థలమూ కాలమూ చూడాలని ఊరూరా చెప్పే నేను, ఏ ఊళ్ళో ఏ వేళ కొలిచానో మరిచాను!

"పరేషాన్ కాకు బావా, మన మల్లయ్య ఉన్నడు" అన్నాడు రాజేశం. మల్లయ్య ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా అంతవరకు అన్నది అరిచి, డప్పు కొడతాడట.

నా వాక్యాలేమో పొడుగు, ఒక్క ఊపిరిలో ముగియవు.

"ఈ గడి కింద సొరంగం ఉన్నదనీ..." అని ఊపిరి తీసుకున్నాను.

"గడి కింద సొరంగం ఉన్నదీ!" దణదణ.

"అందులో బంగారం ఉన్నదనీ..."

"అండ్ల బంగారం ఉన్నదీ!" దణదణదణ. చప్పట్లు, ఈలలు!

"చెప్పే మాటలకు ఏ ఆధారమూ లేదు" అన్నాను. ఆ గోలలో మల్లయ్యకే వినపడలే!

తెల్లారి గడి దగ్గరికి పోతే పదిమంది గడ్డపారలతో నిలబడి ఉన్నారు.

"సొరంగం ఉన్నదని ఎవరు చెప్పిండ్రయ్యా?"

"గదేంది సారూ, నిన్న మీరే చెప్తిరి గద! మీరేమో చదువుకున్నోళ్ళు, అబద్ధం ఆడుతరా?"

ఆ శాసనం రాయికి వీపు ఆనించి కూర్చొని, మధ్యాహ్నం దాకా లేవలేదు. గడ్డపారలు వెనక్కి పోయాయి. సొరంగం మాత్రం ఊళ్ళోనే ఉన్నది. రేపు ఎవరైనా దాని చరిత్ర రాస్తే, మొదటి ఆధారం నేనే!

ఇంటికొచ్చి జరిగింది చెప్తే అవ్వ ఒకటే మాటన్నది: "తగ్గించాల్సింది కరెంటు కాదు బిడ్డా, నీ మాటల పొడుగు."